అరబక్కెట్టు పందెం

కొండ్రుపాలెంలో వెంకటనారాయణని పట్టుకుని "బాగున్నావా?" అని అడిగినవాడు ఊరికి కొత్తవాడైనా అయ్యుండాలి, ఆ పూటకి వేరే పని లేనివాడైనా అయ్యుండాలి. ఆ ఒక్క మాటకి ఆయన జవాబు మోకాళ్ళ దగ్గర మొదలయ్యేది. అక్కణ్ణుంచి నడుముకి ఎక్కి, మబ్బుల మీదుగా పురుగుమందుల కొట్టుదాకా వెళ్ళి, మళ్ళీ మోకాళ్ళ దగ్గరికే వచ్చేది. అడిగినవాడు ఈలోగా దర్శి వెళ్ళే బస్సు తప్పిపోయి, పొదిలి వెళ్ళే బస్సు ఎక్కేసేవాడు.

పెళ్ళిభోజనం చేసి లేస్తే "ఉప్పు వేశారు" అనేవాడు. అది మెచ్చుకోలు. చుట్టాల పిల్లవాడికి ఉద్యోగం వచ్చిందంటే "ఉంచుతారో లేదో" అనేవాడు. అది ఆశీర్వాదం. భార్య సుబ్బరావమ్మ కొత్త చీర కట్టుకొచ్చి ఎదురుగా నిలబడి ఎలా ఉందని అడిగితే, ఎగాదిగా చూసి "చీరలాగే ఉంది" అన్నాడు. ఆవిడ గోంగూర పచ్చడికి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో పేరుంది. ఆ పచ్చడికి ఆయన ఇచ్చిన అతి పెద్ద బిరుదు "పర్లేదు". బాగుంది అన్న మాట ఆయన నోట విన్న మనిషి ఆ ఊళ్ళో లేడు. కాపురానికి వచ్చిన కొత్తల్లో సుబ్బరావమ్మ ఆ మాట కోసం ఎదురుచూసింది. తర్వాత అలిగింది. ఆ తర్వాత అలగడానికి తీరిక లేక ఊరుకుంది. ఊరుకుంది అంటే మరిచిపోయిందని కాదు.

పాపం, తప్పంతా ఆయనది కాదు. ఆయన చిన్నప్పుడు తండ్రి మిరపకాయల బస్తాలు వేసుకుని గుంటూరు వెళ్ళి, యార్డులో ఎవరో తెలిసినాయన పంటెలా ఉందంటే నోరూరుకోక "భేషుగ్గా ఉంది, ఇంకా సగం చేలోనే ఉంది" అన్నాడట. తిరిగొచ్చేసరికి వడగళ్ళు పడి ఆ సగమూ నేలపాలైంది. ఆ రోజు తండ్రి గట్టుమీద కూర్చుని కొడుకుని పక్కకి పిలిచి, "ఒరేయ్, బాగుందని పైకి అనబాకు. అన్నావో, పోయిందే" అన్నాడు. మిగతా రైతులు కూడా దిష్టికి భయపడేవాళ్ళే. పంట విరగకాసినా ఏదోలేండి అనేవాళ్ళే. కానీ వాళ్ళు చేలో ఏడ్చి ఇంటికొచ్చి నవ్వేవాళ్ళు. వెంకటనారాయణ మాత్రం అంత రిస్కు తీసుకోలేదు. ఇంట్లో కూడా ఏడ్చాడు.

మిరప వేసినన్నాళ్ళూ ఆ ఏడుపులో నిజం లేకపోలేదు. పక్కచేను వాడు బోరు వేస్తే తనూ వేయాలి. వాడు ఇంకాస్త లోతుకి దించితే తనూ దించాలి. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు లేచి మోటారు దగ్గరికి పరుగెత్తాలి. ఆఖరి బోరు వేసిన రోజు బండి పొద్దస్తమానం రొద చేసి, చివరికి తెల్లటి దుమ్ము ఎగజిమ్మింది తప్ప చుక్క తడి చూపించలేదు. ఆ ఏడే నల్లతామర పురుగు వచ్చి మిరప పూతంతా నాకేసింది. వెంకటనారాయణ మంచం ఎక్కాడు. ఆయన పనైపోయిందనుకున్నారు ఊళ్ళో వాళ్ళు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఎందుకైనా మంచిదని అరటిపళ్ళు కూడా తెచ్చారు.

పళ్ళు అయిపోయాక ఆయన మంచం దిగాడు. మిరప మానేశాడు. వానకి పండేవేవో అవే చాలని కొర్రలు, కందులు చల్లాడు. మోటారు ఊడదీసి కొట్టంలో పడేశాడు. ఇంటి వాడకానికి మాత్రం పెరట్లో స్నానాల తూము దగ్గర నాలుగు వరసలు నాటు మిరప పెట్టాడు. ఊరికి నీళ్ళు కోటేష్ ట్రాక్టరు ట్యాంకరులో రోజు విడిచి రోజు వచ్చేవి. ఇంటికి డ్రమ్మెడు. తాగడానికీ వండడానికీ గేదెకీ పోగా, మొగుడికి అరబక్కెట్టు, పెళ్ళానికి అరబక్కెట్టు స్నానానికి మిగిలేవి.

అదిగో, అలాంటి రోజుల్లో వచ్చింది సంతోషం, చెప్పాపెట్టకుండా. ఒక ఉదయం గేదెకి గడ్డి వేస్తూ తను కూనిరాగం తీస్తున్నానని వెంకటనారాయణ గమనించాడు. హడలిపోయాడు. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి గట్టిగా దగ్గాడు. ఆ తర్వాత ఇంకా భయంకరమైన సంగతులు బయటపడ్డాయి. పడుకుంటే నిద్ర పడుతోంది. పక్కచేను వాడి పైపు ఎంత లావుందో చూడాలనిపించడం లేదు. సర్కారు డాక్టరు బీపీ చూసి, మెషీన్ పాడైందేమోనని మళ్ళీ చూశాడు.

అన్నిటికంటే పెద్ద రహస్యం మధ్యాహ్నాలది. అన్నాలు తిన్నాక ఇద్దరూ వీధి తలుపు గడియ పెట్టుకునేవాళ్ళు. ఎండకి పడుకున్నారు కాబోలు అనుకునేవాళ్ళు ఊరివాళ్ళు. లోపల వసారాలో సుద్దముక్కతో గడులు గీసి, చింతగింజలు అరగదీసి, మొగుడూ పెళ్ళాలు అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. ఉత్త ఆట కాదు, పందెం. ఓడినవాళ్ళు మర్నాటి స్నానం నీళ్ళు గెలిచినవాళ్ళకి ఇచ్చేయాలి.

ఇద్దరూ దొంగాటే. ఆయన గడులు లెక్కపెట్టేటప్పుడు మధ్యలో ఒకటి మింగేవాడు. ఆవిడ "కంట్లో నలకపడింది, కాస్త ఊదవయ్యా" అని ఆయన్ని దగ్గరికి పిలిచి, ఆయన ఊదుతుంటే చేత్తో కాయ జరిపేది. ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊదేవాడు. అందుకని సుబ్బరావమ్మ నిండుబక్కెట్టుతో స్నానం చేసి, కనకాంబరాలు పెట్టుకుని కళకళలాడుతూ తిరిగేది. వెంకటనారాయణ జిడ్డుమొహంతో వీధిలోకి వచ్చి, "ఏం చెప్పమంటారు? ఒంటిమీద నీళ్ళు పోసుకుని వారమైంది. ఇదీ బతుకేనా?" అనేవాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎదురింటి ప్రేమమ్మ ఆ మాట విని కరిగిపోయి, తన వాటాలోంచి ఒక బిందె నీళ్ళు తెచ్చి ఆయన గుమ్మంలో పెట్టింది. ఆయన దణ్ణం పెట్టి తీసుకుని లోపలికెళ్ళి, మధ్యాహ్నానికల్లా వాటిని కూడా ఓడిపోయాడు. ఎవరు గెలిచినా ఆ నీళ్ళు చివరికి తూములోంచి మిరపమొక్కలకే పోయేవి కాబట్టి, ఈ వ్యవహారంలో నష్టపోయింది ప్రేమమ్మ ఒక్కతే.

ఇలా ఉండగా కోటేష్ ఒక కబురు మోసుకొచ్చాడు. కోటేష్‌కి ట్యాంకరు తోలడం ఒక పనైతే, దర్శిలో టీ బంకు దగ్గర విన్నదానికి కాళ్ళూ చేతులూ తగిలించి ఊళ్ళో పంచడం రెండో పని.

"మామా, గుంటూరు నించి ఒకమ్మాయి వస్తంది. ఊళ్ళెంబడి తిరిగి జనం ఎంత సంతోషంగా ఉండారో మార్కులేస్తందంట. ఏ ఊరికి తక్కువ మార్కులొస్తే ఆ ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకంట! ఇంటింటికీ కుళాయంట!"

ఇక చూడాలి. ఎన్నికలప్పుడు కూడా కలవని రెండు పార్టీలవాళ్ళు స్కూలు వరండాలో కలిసి కూర్చున్నారు. ఏడవడంలో ఊరిని ముందుండి నడిపించే నాయకుడు ఎవరన్న దగ్గర రెండో పేరే రాలేదు. వెంకటనారాయణ కూడా బెట్టు చేయలేదు. జనానికి శిక్షణ మొదలుపెట్టాడు. నిట్టూర్పు ఎక్కడ విడవాలి, ఆకాశంకేసి ఎప్పుడు చూడాలి, చెప్పీ చెప్పకుండా మాట ఎక్కడ ఆపేయాలి, అన్నీ చేసి చూపించాడు. అందరూ బాగానే నేర్చుకున్నారు గానీ ప్రేమమ్మతోనే చిక్కొచ్చింది. ఆవిడకి నవ్వు ఆగదు.

"మీ అత్త పోయిన రోజు గుర్తుచేసుకోమ్మా" అన్నాడు వెంకటనారాయణ.

ప్రేమమ్మ ఒక్క క్షణం ఆలోచించి, ఇంకా గట్టిగా నవ్వింది. ఆవిడని వెనక వరసలో, స్తంభం చాటున కూర్చోబెట్టాలని తీర్మానించారు.

గుంటూరు అమ్మాయి పేరు మహతి. చేతిలో ట్యాబు, భుజాన గుడ్డసంచి, మొహాన చెమట. కోటేష్ ముందురోజే ఊళ్ళోని కొత్త బైకులన్నీ కొట్టాల్లో దాయించాడు. మంచిబట్టలు కట్టొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చాడు. సుబ్బరావమ్మ మాత్రం "నాకుండేయి ఇయ్యే" అని, ముందురోజు గెలిచిన నీళ్ళతో స్నానం చేసి, పూలు పెట్టుకుని వచ్చి ఆడవాళ్ళ పక్కన నిలబడింది.

"నీళ్ళు, కరెంటు, నేలలో సారం, అన్నీ తగ్గిపోయే రోజులొస్తున్నాయి కదండీ" అంది మహతి. "అన్నీ దండిగా ఉన్నప్పుడు సంతోషమంటే ఒకటి అనుకున్నాం. ఇక ముందు సంతోషమంటే ఏమిటో మనందరం మళ్ళీ మొదట్నించి ఆలోచించుకోవాలేమో. పుస్తకాలు రాసేవాళ్ళని కాదు, ఇప్పటికే కరువు చూసినవాళ్ళని అడుగుదామని మీ దగ్గరికి వచ్చా. సున్నా నుంచి పది దాకా మీరే మార్కులు వేసుకోండి. బయటి బతుక్కి ఒకటి, ఇంట్లో బతుక్కి ఒకటి."

వెంకటనారాయణ లేచి నిలబడ్డాడు. ఆ రోజు ఆయన చేసినంత గొప్పగా ఎప్పుడూ చేయలేదు. మోకాళ్ళు, నడుము, మబ్బులు, దుమ్ము చిమ్మిన బోరు, పురుగు తిన్న పూత. చివర్లో చొక్కా ఎత్తి జిడ్డుపట్టిన ఒళ్ళు చూపించాడు. ముందు వరసలో ఒకాయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"బయటికి సున్నా రాసుకో తల్లీ."

"మరి ఇంట్లోనండీ? మీరూ, మీ ఆవిడా?"

జనం గుటకలు మింగుతూ చూస్తున్నారు. ఊపు మీదున్న మనిషి నోటికి కళ్ళెం ఎక్కడ ఉంటుంది? చెయ్యి గాల్లో తిప్పేశాడు.

"ఇంటో మాత్రం ఏముందమ్మా ఏడవటానికి! అదీ సున్నానే. రెండూ సున్నాలే కొట్టు."

వెనకనుంచి కోటేష్ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు. వెంకటనారాయణ గెలిచినవాడిలా చుట్టూ చూశాడు. ఆ చూపు సుబ్బరావమ్మ దగ్గర ఆగిపోయింది. ఆవిడ కోపంగా లేదు. కోపంగా ఉంటే ఆయనకి అలవాటే. ఆవిడ తల్లో పూలు సర్దుకోబోయి, చెయ్యి మధ్యలోనే దించేసింది.

"మీరేమంటారండీ?" అని మహతి అడిగింది.

"ఆయన చెప్పాడుగా తల్లీ. ఒకటే ఇల్లు. అదే రాసుకో" అని సుబ్బరావమ్మ ఇంటిదారి పట్టింది.

ఆయన ఇంటికి వచ్చేసరికి వసారాలో గడులు లేవు. నేల తడిగుడ్డతో తుడిచేసి ఉంది. ఆ ఇంట్లో నేల తుడవడానికి నీళ్ళు వాడి ఎన్నాళ్ళైందో ఆయనకి తెలుసు. చింతగింజలు గూట్లో లేవు. స్నానాల దగ్గర అరబక్కెట్టు నీళ్ళు, పక్కన సబ్బు, తుండుగుడ్డ పెట్టి ఉన్నాయి.

"నీ వాటా. పోసుకో" అంది సుబ్బరావమ్మ లోపలినుంచి.

పోసుకున్నాడు. ఎన్నాళ్ళకో ఒళ్ళు శుభ్రపడింది. శుభ్రమైన ఒంటితో అంత దిక్కుమాలినట్టు ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు. అన్నం పెట్టింది. గోంగూర వేసింది. ఎలా ఉందని అడగలేదు. ఆయనే ఉండబట్టలేక, "అది ఊరి కోసం అన్న మాటేనే. ట్యాంకు వస్తదని..." అన్నాడు.

సుబ్బరావమ్మ గిన్నె కింద పెట్టింది.

"బయట సున్నా ట్యాంకు కోసం. సరే, ఒప్పుకున్నా. రెండో సున్నా ఏ ట్యాంకు కోసవయ్యా?"

వెంకటనారాయణ ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఇన్నేళ్ళూ దిష్టి తగులుతుందని దాచిపెట్టిన సొత్తుని తనే తీసుకెళ్ళి నడివీధిలో పారేసి వచ్చానని ఆయనకి తెలిసింది. సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని, కండువా భుజాన వేసుకుని, బస్సులాగే చోటికి పరుగులాంటి నడక నడిచాడు.

అక్కడ మహతిని సాగనంపడానికి సగం ఊరు మూగి ఉంది. ఏడుపు బాగా పండిందన్న ఆనందంలో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"అమ్మాయ్, నా మార్కులు మార్చాల" అన్నాడు వెంకటనారాయణ రొప్పుతూ.

"మామా! ఏంది మామా నువ్వు?" కోటేష్ అడ్డం వచ్చాడు. "నోటికాడికొచ్చిన ట్యాంకు పోగొడతావా?"

"నువ్వు పక్కకి జరగరా. ఆ రెండో సున్నా తీసెయ్యి తల్లీ."

"తీసేసి ఏం రాయమంటారండీ?"

వెంకటనారాయణ నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. ఊరి కళ్ళన్నీ తనమీదే ఉన్నాయి. ఇన్ని కళ్ళు ఒక్కసారి పడితే బండరాయి అయినా నిలుస్తుందా? తండ్రి, గట్టు, వడగళ్ళు అన్నీ కళ్ళముందు కదిలాయి. అటుపక్క తడిగుడ్డతో తుడిచేసిన గడులు కూడా కదిలాయి.

"తొమ్మిది" అన్నాడు గొంతు తగ్గించి. "పదొద్దు. పదంటే మరీ పచ్చిగా ఉంటది."

మహతి ట్యాబు మీద వేలు ఆపి, ఎందుకో చెప్పగలరా అని అడిగింది. ఒకసారి గడియ తీశాక ఇక దాచేదేముంది? వెంకటనారాయణ చెప్పేశాడు. అష్టాచెమ్మా, అరబక్కెట్టు పందెం, కంట్లో నలక, అన్నీ. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"అంటే అన్నాయ్" అంది ప్రేమమ్మ, "నువ్వు నీళ్ళు పోసుకోకపోయింది కరువుకి కాదా? మరి నేనిచ్చిన బిందె?"

"అదీ ఓడిపోయానమ్మా."

ప్రేమమ్మ తిట్టడానికి నోరు తెరిచింది గానీ నవ్వొచ్చేసింది. ఆవిడ నవ్వితే పక్కనున్నవాళ్ళు ఆగలేరు. ఆ నవ్వుల మధ్య కోటేష్ ఒక్కడే "పోయింది, ట్యాంకు పోయింది" అని తల పట్టుకున్నాడు.

"ట్యాంకేమిటండీ?" అంది మహతి అయోమయంగా. "నేను కాలేజీ నుంచి వచ్చాను. చదువు కోసం రాసుకుంటున్నా. ట్యాంకులిచ్చేవాళ్ళం కాదు మేము."

నవ్వులు ఆగిపోయాయి. ఊరంతా కోటేష్ వైపు తిరిగింది. కోటేష్ తన ట్రాక్టరు ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఒక్క మాట" అన్నాడు వెంకటనారాయణ, మహతి ట్యాబు మూయబోతుంటే. "నీళ్ళు లేకపోతేనే సుఖవని రాసేవు, అట్టా రాయబాకు. మాకు ట్యాంకు కావాల. ట్యాంకరు రాని రోజు గేదె మొహం చూళ్ళేం. అది బాధే. బోర్లు నిండుగా పోసినప్పుడు పక్కోడి పైపు చూసి ఏడ్చా, అదీ బాధే. ఇప్పుడు అరబక్కెట్టు కోసం మా ఆవిడతో తగూలాడతండా. ఇది మాత్రం..." అని ఆగి, మాట మింగేసి, "ఇది వేరే. దీన్నీ దాన్నీ కలిపి రాయబాకు" అన్నాడు.

మహతి ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు. ఎందుకంటే ప్రేమమ్మ "నాకూ రెండు మార్కులు పెంచమ్మాయ్, మా అత్త సంగతి చెప్తా" అంటూ సంచి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు నిలబడ్డారు.

వెంకటనారాయణ ఇల్లు చేరేసరికి ఆ కబురు ఆయనకంటే ముందే చేరింది. సుబ్బరావమ్మ గడపమీద కూర్చుని ఉంది. మనసులో ఏముందో తెలియకుండా మొహం పెట్టుకుంది.

"ఊరందరి ముందరా చెప్పొచ్చా" అన్నాడు ఆయన బిక్కమొహంతో. "అందరి కళ్ళూ మనిద్దరి మీదే. దిష్టి తియ్యవే."

ఆవిడ లేచింది. పెరట్లో తమ నీళ్ళతో పెరిగిన ఎండుమిరపకాయలు గుప్పెడు, కాస్త కళ్ళుప్పు తీసింది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఆయనకీ తర్వాత తనకీ తిప్పి, పొయ్యిలో నిప్పుల మీద వేసింది. దిష్టి తగిలుంటే మిరపకాయ ఎంత మాడినా ఘాటు రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వెంకటనారాయణ పొయ్యికేసి ఊపిరి బిగబట్టి చూశాడు. మిరపకాయలు నల్లబడ్డాయి. ఏమీ రాలేదు. ఆయన మొహం పాలిపోయింది.

అప్పుడు కొట్టింది ఘాటు. మొదట సుబ్బరావమ్మకి పొలమారింది. ఆ వెంటనే ఆయనకి. గేదె పెరట్లోంచి తుమ్మింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని దగ్గి, తుమ్మి, ముక్కులు చీది, ఊపిరాడక వసారాలోకి పరుగెత్తారు. కళ్ళవెంట ధారలు. ఆ దగ్గుల మధ్య, నవ్వుల మధ్య, ఆయన నోట్లోంచి మాట జారిపోయింది.

"అబ్బ, ఎంత బాగుందే!"

సుబ్బరావమ్మ దగ్గడం ఆపేసింది.

"ఏవన్నావ్?"

"ఏం లేదు. ఘాటు... పర్లేదన్నా."

"విన్నాలే."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళలో మిరపకాయలవి ఎన్నో, మిగతావి ఎన్నో ఆయన అడగలేదు. ఆవిడ రోకలి వెనక దాచిన చింతగింజలు తెచ్చింది. సుద్దముక్క తీసుకుని నేలమీద మళ్ళీ గడులు గీసింది.

"ఇయ్యాల నీళ్ళ పందెం కాదు" అంది. "నేను గెలిస్తే నువ్వా మాట మళ్ళీ అనాల. దగ్గకుండా."

వెంకటనారాయణ ఏడుపుమొహం పెట్టుకుని కూర్చుని గింజలు వేశాడు. ఆ పూట కూడా ఆయన గడులు తప్పుగానే లెక్కపెట్టాడు. కాకపోతే ప్రతిసారీ తన కాయనే ఒక గడి వెనక ఉంచాడు.